పాటకు అనుమతి ఎవరిని అడగాలి? చిన్న సినిమా తీసేవారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేం నలుగురు మిత్రులం కలిసి హనుమకొండ, కాజీపేట పరిసరాల్లో గంటన్నర నిడివిగల సినిమా తీస్తున్నాం. పెట్టుబడి అంతా మా జీతాల్లోంచి కూడబెట్టుకున్నదే. ఒక దృశ్యంలో కథానాయకుడి తల్లి కుట్టుమిషన్ దగ్గర కూర్చుని రేడియోలో పాత సినిమా పాట వింటుంది. పాట నలభై సెకన్లు వినిపిస్తుంది. దాని రచయిత, సంగీత దర్శకుడు ఇద్దరూ కాలం చేశారు. ముప్పై సెకన్లకు తగ్గిస్తే అనుమతి అక్కరలేదని ఒకరు, టైటిల్స్‌లో కృతజ్ఞతలు వేస్తే చాలని మరొకరు చెబుతున్నారు. ఏది నిజం? ఎవరిని అడగాలి? ఎంత ఖర్చవుతుంది?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీకు చెప్పిన రెండు మాటల్లో ఏదీ నిజం కాదు. ముప్పై సెకన్లని గాని, ఏడు సెకన్లని గాని 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. అనుమతి లేకుండా వాడుకోదగిన సందర్భాలేవో ఆ చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. సొంత చదువు, విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తల కథనం వంటివి అందులో ఉన్నాయి గాని, కథాచిత్రంలో ఒక దృశ్యాన్ని రక్తి కట్టించడానికి పాట పెట్టుకోవడం వాటిలోకి రాదు. కృతజ్ఞతలు చెప్పడం మర్యాదే. అయితే అది అనుమతికి బదులు కాదు, పైగా ఎవరి సొత్తు వాడుకున్నారో మీరే తెర మీద రాసిచ్చినట్లవుతుంది.

ఒకే ఇంటికి ముగ్గురు వాటాదారులు ఉన్నట్లు, ఒక సినిమా పాటలో మూడు హక్కులు ఉంటాయి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, ఆ రెండింటినీ కలిపి స్టూడియోలో చేసిన రికార్డింగు మరొకటి. సాహిత్యాన్నీ బాణీనీ దృశ్యానికి జతచేసుకోవడానికి తీసుకునే అనుమతిని ఈ రంగంలో సింక్ లైసెన్సు అంటారు. అసలు రికార్డింగునే వాడుకోవడానికి తీసుకునేదాన్ని మాస్టర్ లైసెన్సు అంటారు. మీ దృశ్యంలో రేడియోలోంచి ఆనాటి గొంతే వినిపించాలి కాబట్టి మీకు రెండూ కావాలి. ఆ తల్లి పాత్రే మిషన్ తొక్కుతూ ఆ పాటను కూనిరాగం తీసినట్లయితే మాస్టర్ లైసెన్సు అవసరం తప్పుతుంది గాని, మాటలకూ బాణీకీ అనుమతి తప్పదు. మన నటి పాడింది కదా, ఇక ఎవరినీ అడగనక్కరలేదని అనుకునేవారే ఎక్కువ.

కర్త కాలం చేసినంత మాత్రాన హక్కు పోదు. సాహిత్యానికీ బాణీకీ కర్త జీవితకాలమంతా, ఆ పైన ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. మన చిన్నగూడూరు కవి దాశరథి కృష్ణమాచార్య 1987లో కన్నుమూశారు కాబట్టి ఆయన సినిమా పాటల సాహిత్యంపై హక్కు 2047 చివరిదాకా నడుస్తుంది. 2017లో మరణించిన సి. నారాయణరెడ్డి గారి పాటలకు 2077 దాకా. 1974లో మరణించిన ఘంటసాల స్వరపరచిన బాణీలకు 2034 దాకా. రికార్డింగు లెక్క వేరు. అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. అంటే 1964లో వెలువడిన రికార్డుపై హక్కు 2024 డిసెంబరు 31తో ముగిసింది. అందుచేత రికార్డింగు గడువు తీరిపోయి, అందులోని మాటలకూ బాణీకీ మాత్రం ఇంకా పదులకొద్దీ ఏళ్లు మిగిలి ఉండే పాటలు తెలుగులో చాలా ఉన్నాయి. రికార్డు పాతదైందని చూసి ధైర్యం చేయకండి; మూడింటికీ విడివిడిగా సంవత్సరాలు లెక్కవేసుకోండి.

ఇక ఎవరిని అడగాలన్నది. చాలా సందర్భాల్లో మీరు రచయిత వారసులను వెతుక్కుంటూ వెళ్లవలసిన పని ఉండదు. పారితోషికం ఇచ్చి సినిమా కోసం రాయించుకున్న పాటపై, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు నిర్మాతదేనని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. నిర్మాతలు ఆ హక్కులను ఆడియో కంపెనీలకు ఇచ్చేశారు. పాత హెచ్.ఎం.వి. రికార్డులు ఇప్పుడు సరిగమ చేతిలో ఉన్నాయి. తర్వాతి తరం తెలుగు పాటలు చాలావరకు ఆదిత్య మ్యూజిక్, లహరి వంటి సంస్థల దగ్గర ఉన్నాయి. యూట్యూబ్‌లో అధికారికంగా పెట్టిన పాట కింది వివరణలో కంపెనీ పేరు సాధారణంగా కనిపిస్తుంది. పాత క్యాసెట్టు గాని, గ్రామఫోన్ రికార్డు గాని దొరికితే దాని మీది లేబుల్ అంతకన్నా నమ్మదగిన ఆధారం. రచయితల, సంగీత దర్శకుల తరఫున రాయల్టీలు వసూలు చేసే ఐ.పి.ఆర్.ఎస్. అనే సొసైటీ 1969 నుంచి ఉంది. ఏ పాట ఎవరిదో తెలుసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. సినిమాలో పాట పెట్టుకునే అనుమతి మాత్రం నేరుగా హక్కుదారు నుంచే తెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2012లో చట్టాన్ని సవరించినప్పటి నుంచి, సినిమాహాలు ప్రదర్శనకు బయట జరిగే వాడకంపై రచయితకూ సంగీత దర్శకుడికీ రావలసిన రాయల్టీని వారు వదులుకున్నట్లు రాయించుకున్నా అది చెల్లదు. అదీగాక, బాణీపై హక్కు తమదేనంటూ సంగీత దర్శకులు కంపెనీలతో కోర్టుల్లో పోరాడిన సందర్భాలున్నాయి. ఇళయరాజా వ్యాజ్యాలు అందరికీ తెలిసినవే. కాబట్టి కంపెనీ ఇచ్చే కాగితంలో, ఈ పాటపై అనుమతి ఇచ్చే అధికారం తమకు పూర్తిగా ఉందనీ, మరెవరైనా హక్కు కోరితే ఆ బాధ్యత తామే వహిస్తామనీ ఒక వాక్యం ఉండేలా చూసుకోండి. చిన్న సినిమా వారు అడగడానికి మొహమాటపడేది దీనికే. మొహమాటపడకండి.

రుసుముకు ధరల పట్టిక అంటూ ఏదీ లేదు. పాట ఎంత పేరున్నది, ఎన్ని సెకన్లు, దృశ్యంలో ముందుండి వినిపిస్తుందా, మాటల వెనుక వినిపిస్తుందా, సినిమాను ఎక్కడ చూపిస్తారు అన్నవాటిని బట్టి మారుతుంది. అందుకే మీరు రాసే లేఖలోనే ఆ వివరాలన్నీ ఉండాలి: సినిమా నిడివి, మొత్తం బడ్జెట్, దృశ్యం ఏమిటి, పాటలో ఏ భాగం, ట్రైలర్‌లో కూడా వాడతారా, ఏయే దేశాల్లో, ఎన్నేళ్లు, ఏ మాధ్యమాల్లో. బడ్జెట్‌ను దాచకుండా రాయండి. మొదట చలనచిత్రోత్సవాల్లో ప్రదర్శనకు మాత్రమే అనుమతి అడిగి, తర్వాత సినిమా హాలుకో ఓటీటీకో వెళితే అప్పుడు అదనంగా ఎంత కట్టాలో ఇప్పుడే కాగితం మీద పెట్టించుకోవడం మీలాంటివారికి అన్నింటికన్నా అనుకూలమైన పద్ధతి. తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే, సినిమాకు పేరొచ్చాక బేరమాడే బలం మీకు ఉండదు. జవాబు రాకపోవడాన్ని అంగీకారంగా ఎంచకండి. అనుమతి లేకుండా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా అని చట్టంలో ఉంది. వ్యవహారం అంతదాకా పోకపోయినా, కోర్టు ఉత్తర్వుతో విడుదల ఆగిపోవడమే చిన్న నిర్మాతను ముంచుతుంది.

చివరగా నా అభిప్రాయం చెబుతాను. పాట చేతికి రాకముందే దాన్ని పెట్టి దృశ్యాన్ని ఎడిట్ చేయకండి. నెలల తరబడి అదే పాటతో దృశ్యాన్ని చూసుకున్నాక మరే పాటా మనసుకు ఎక్కదు. అప్పుడు కంపెనీ అడిగినంత ఇవ్వడానికో, అనుమతి లేకుండా తెగించడానికో సిద్ధపడతారు. మీ దృశ్యానికి కావలసింది ఆ తల్లి యవ్వనకాలపు వాసన ఉన్న పాట. ఆ కాలపు పలుకుబడితో ఒక పల్లవి, ఒక చరణం కొత్తగా రాయించి, హార్మోనియం, తబలా, వయొలిన్‌తో బాణీ కట్టించి, వరంగల్‌లో కచేరీలు చేసే గాయనితో పాడించి, మిక్సింగులో రేడియో గరగర చేరిస్తే ప్రేక్షకుడికి లోటు తెలియదు. పాత పాట బాణీని కొద్దిగా తిప్పి వాడుకోవడం మాత్రం కొత్త పాట అనిపించుకోదు, హక్కుల చిక్కునూ తప్పించదు.

ప్రశ్న: మా సినిమాలో ఒగ్గుకథ ఘట్టం ఒకటి, బతుకమ్మ ఆట ఒకటి ఉన్నాయి. పక్క ఊరి ఒగ్గు బృందంతో మాట్లాడుకున్నాం. జానపదానికి కాపీరైట్ ఉండదు కాబట్టి కాగితాలేవీ అక్కరలేదని మా కెమెరామన్ అంటున్నాడు. యూట్యూబ్‌లో బాగా నడుస్తున్న ఒక జానపద గీతాన్ని కూడా మా గాయనితో పాడించి వాడుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: మీ కెమెరామన్ చెప్పినది సగం వరకే సరైనది. మల్లన్న కథ, బీరప్ప కథ తరతరాలుగా వస్తున్నవి. వాటికి ఫలానా కర్త అంటూ లేరు, కాబట్టి కథకు అనుమతి ఎవరినీ అడగనక్కరలేదు. అయితే మీ కెమెరా ముందు ఒగ్గు వాయిస్తూ, డోలు దెబ్బకు అడుగు వేస్తూ ఆ కథ చెప్పే మనిషికి తన ప్రదర్శనపై హక్కు ఉంది. దాన్ని చట్టం ప్రదర్శకుల హక్కు అంటుంది. ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం నుంచి 50 ఏళ్లు అది ఉంటుంది. ఆ ప్రదర్శన తనదని చెప్పించుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కూడా ఆయనకు ఉన్నాయి. ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే, తర్వాత మీరు ఆ ప్రదర్శనను సినిమాలో వాడుకోవడానికి అడ్డు చెప్పలేరు. అందుకే కాగితం కావాలి. ఆ కాగితం మీకెంత రక్షణో ఆయనకూ అంతే రక్షణ.

కాగితంలో ఏముండాలో చెబుతాను. బృందంలోని ప్రతి ఒక్కరి పేరు, ఊరు. ప్రధాన కథకుడి పేరుతో పాటు వంత పాడేవారివీ, డోలు, తాళాలు వాయించేవారివీ ఉండాలి. ఏ తేదీన, ఎక్కడ, ఏ కథలోని ఏ ఘట్టం చిత్రీకరించారు. ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు. సినిమాలో, ట్రైలర్‌లో, ఓటీటీలో, టీవీలో, యూట్యూబ్‌లో వాడుకోవడానికి సమ్మతి. టైటిల్స్‌లో పేర్లు ఎలా వేస్తారు. ఆ పాటను విడిగా ఆడియోగా విడుదల చేస్తే వచ్చే దాంట్లో వారి వాటా ఎంత. స్టాంపు కాగితం ఎంత ఖరీదైనది అన్నదానికన్నా ఈ వివరాలు ముఖ్యం. రాసినదాన్ని వారి ఇంటి అరుగు మీదో గుడి దగ్గరో అందరి ముందూ తెలుగులో చదివి వినిపించి, ఊరివారు ఒకరిద్దరి సాక్షి సంతకాలు తీసుకుని, ఒక ప్రతి వారికి ఇచ్చి రండి. అక్షరం రాని పెద్దమనిషి చేత ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడాన్ని నేను అనుమతిగా భావించను. కోర్టులో కూడా అది నిలుస్తుందని భరోసా లేదు. డబ్బు సంగతికి వస్తే, షూటింగుకు పోయిన రోజు వారు జాతరలోనో పట్నం పండుగలోనో సంపాదించుకునేదానికి తగ్గకుండా ఇవ్వండి.

బతుకమ్మ పాటల్లో రెండు రకాలున్నాయి. అమ్మమ్మలు, నానమ్మలు పాడుతూ వచ్చిన ఉయ్యాల పాటలు అందరివీ. ఏటా దసరాకు ముందు ఛానెళ్లు, ఆడియో సంస్థలు విడుదల చేసే కొత్త పాటలకు మాత్రం రచయిత, సంగీత దర్శకుడు, కంపెనీ ఉంటారు. అవీ వాడల్లో అంతే ధారాళంగా పాడతారు కాబట్టి తేడా తెలియదు. మీ ఊరి ఆడవారిని ఆడమన్నప్పుడు వారి నోట ఏ పాట వస్తుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. పాట పాతదని చెప్పడానికి ఆధారం కావాలంటే, వరంగల్ ప్రాంతానికే చెందిన బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు దశాబ్దాల కిందట సేకరించి అచ్చువేసిన జానపద గేయాల్లో అది ఉందేమో చూడండి. అలా అచ్చులో దొరికిన పాఠాన్ని పాడిస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

యూట్యూబ్ పాట విషయంలో జానపదం అన్న మాటను నమ్మి దిగకండి. కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో నేడు జానపదం పేరుతో వస్తున్న పాటల్లో చాలా భాగం ఎవరో ఒకరు కొత్తగా రాసి, బాణీ కట్టినవే. పాట కింద రచయిత పేరు ఉంటే అది సంప్రదాయ గీతం కాదని తెలుసుకోండి. ఛానెల్ యజమాని సరేనంటే చాలదు. చాలా సందర్భాల్లో రచయితకూ ఛానెల్‌కూ మధ్య కాగితమే ఉండదు, హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని చట్టం చెబుతోంది. ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకోండి.

ప్రశ్న: పోతన పద్యం ఒకటి, భద్రాచల రామదాసు కీర్తన ఒకటి వాడాలనుకుంటున్నాం. వీటికీ అనుమతి కావాలా?
- ఒక పాఠకుడు, పాలకుర్తి

జవాబు: పద్యానికీ కీర్తన సాహిత్యానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు. బమ్మెర మీకు పక్క ఊరే. భాగవత పద్యాన్ని చక్కగా చదివే పెద్దలు అక్కడ దొరుకుతారు, వారితోనే చదివించుకోండి. కీర్తనతో జాగ్రత్త. పదిహేడో శతాబ్దపు సాహిత్యానికి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టిన బాణీలు ఉన్నాయి. అన్నమయ్య సంకీర్తనల్లో ఇది మరీ ఎక్కువ. మీరు విని నేర్చుకున్న వరుస అటువంటిదైతే ఆ బాణీకి హక్కుదారు ఉంటారు. భజన మండళ్లలో చిరకాలంగా పాడే వరుసను గాని, మీరే కొత్తగా కట్టించుకున్న వరుసను గాని ఎంచుకోవడం మేలు. పాత గాయకుల రికార్డింగును ఎత్తి పెట్టుకుంటే మొదటి జవాబులో చెప్పిన మాస్టర్ లైసెన్సు ఇక్కడా అవసరమే.

ప్రశ్న: నా మిత్రుడొకడు మా సినిమాకు డబ్బు తీసుకోకుండా నేపథ్య సంగీతం, రెండు పాటలు చేసిచ్చాడు. స్నేహం కొద్దీ ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు ఒక ఓటీటీ సంస్థ సంగీతానికి సంబంధించిన ఒప్పందపత్రాలు అడుగుతోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: స్నేహం బాగున్నప్పుడే రాసుకోండి, అంటే ఇప్పుడే. కాగితం లేనంతవరకు ఆ సంగీతం మీ మిత్రుడిదే. మీ దగ్గరున్నది నోటిమాట మాత్రమే. ఏ ఓటీటీ సంస్థా దాన్ని ఆధారంగా తీసుకోదు.

రాసుకునేటప్పుడు రెండు విషయాలు వదిలేస్తే ఎంత నష్టమో చూడండి. హక్కు ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. మీ జగిత్యాల నుంచి ఎన్ని కుటుంబాలు దుబాయిలో, మస్కట్‌లో ఉన్నాయో మీకు తెలియనిది కాదు. ఆ ప్రేక్షకులకు సినిమా చేరాలంటే ప్రపంచవ్యాప్తంగా అన్న మాట కాగితంలో ఉండి తీరాలి. మాధ్యమాల పేర్లు కూడా విడివిడిగా రాయండి, ఎందుకంటే ఒప్పందం నాటికి లేని కొత్త మాధ్యమం పేరు ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప దానికి ఆ ఒప్పందం వర్తించదు. మీరు తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయ్యే ప్రమాదం ఉంది. వేరే గడువు కావాలంటే అదీ రాసుకోవాలి.

డబ్బు తీసుకోలేదన్నారు. ఎంత చిన్న మొత్తమైనా బ్యాంకు ద్వారా ఇచ్చి, ఆ వివరాన్ని ఒప్పందంలో రాయండి. రాయల్టీలో మీ మిత్రుడికి చట్టం ఇచ్చిన వాటాను తీసేయాలని చూడకండి, తీసేసినా చెల్లదు. ఐ.పి.ఆర్.ఎస్.లో సభ్యత్వం తీసుకోమని ఆయనకు చెప్పండి. పాడినవారి నుంచీ, వయొలిన్, వేణువు వాయించినవారి నుంచీ ఒక్కో పేజీ సమ్మతిపత్రం తీసుకోవడం మరవకండి. ఏ దృశ్యంలో ఏ సంగీతం ఎన్ని సెకన్లు వస్తుందో, దాని కర్త ఎవరో చూపే పట్టికను ఓటీటీ వారు క్యూ షీట్ పేరుతో అడుగుతారు. ఎడిటర్‌ను కూర్చోబెట్టుకుని ఒక పూటలో తయారు చేసుకోవచ్చు. కావాలనుకుంటే పాటలను కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. సంగీత కృతికి రుసుము 500 రూపాయలు, రికార్డింగుకు 2,000. నమోదు తప్పనిసరి కాదు గాని, వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది.

ప్రశ్న: మేడారం జాతరలో కొన్ని దృశ్యాలు తీశాం. వెనుక దుకాణాల మైకుల్లో సినిమా పాటలు మోగుతున్నాయి. అనుకోకుండా పడినవే కదా, ఇబ్బంది ఉంటుందా?
- ఒక పాఠకుడు, ములుగు

జవాబు: ఉంటుంది. దృశ్యం వెనుక యాదృచ్ఛికంగా కనిపించే బొమ్మకు, పోస్టరుకు, శిల్పానికి చట్టం మినహాయింపు ఇచ్చింది గాని, వినిపించే పాటకు ఆ మినహాయింపు లేదు. మతపరమైన ఉత్సవంలో పాట వేసుకోవడానికి ఉన్న వెసులుబాటు ఉత్సవం జరిపేవారికే తప్ప దాన్ని సినిమాగా తీసేవారికి రాదు. ఆ శబ్దాన్ని పూర్తిగా తీసేసి, సంభాషణలు డబ్బింగులో చెప్పించి, జనసందోహపు శబ్దాన్ని పాటలు లేని చోట విడిగా రికార్డు చేసి చేర్చండి. గద్దెల దగ్గర కోయ పూజారులు చేసే క్రతువు శబ్దాలు మీ దగ్గర ఉంటే, వారిని కలిసి అడిగిన తర్వాతే వాడండి. అది వారి కొలుపు. చట్టం బలవంతపెట్టకపోయినా వారి మాటే అక్కడ చివరి మాట కావాలి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో కాపీరైట్ లేని సంగీతం అని దొరికేదాన్ని ధైర్యంగా వాడుకోవచ్చా? ఒకసారి అలా వాడితే యూట్యూబ్‌లో క్లెయిమ్ వచ్చింది.
- ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: కాపీరైట్ లేదని రాసి ఉన్నదాంట్లో చాలా భాగానికి కాపీరైట్ ఉంటుంది, కొన్ని షరతుల మీద ఉచితంగా ఇస్తారు, అంతే. ఆ షరతులు చదవాలి. ఇలా షరతులతో ఉచితంగా ఇవ్వడానికి కర్తలు ఎక్కువగా వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో బి.వై. అని ఉంటే పేరు వేసి వాడుకోవచ్చు. ఎన్.సి. అని ఉంటే వాణిజ్యానికి పనికిరాదు, కాబట్టి సినిమాను అమ్మే ఉద్దేశం ఉంటే దాన్ని ముట్టుకోకండి. ఎన్.డి. అని ఉంటే సినిమాలోనే పెట్టరాదు, ఎందుకంటే సంగీతాన్ని కదిలే దృశ్యానికి జతచేయడమే మార్పు చేసినట్లని ఆ లైసెన్సు చెబుతుంది. ఎస్.ఎ. అని ఉంటే మీ సినిమాను కూడా అదే లైసెన్సు కింద అందరికీ విడిచిపెట్టవలసి వస్తుంది. ఏ కొనుగోలుదారూ దానికి ఒప్పుకోడు. సి.సి. జీరో అంటే కర్త తన హక్కులు వదులుకున్నట్లు, కాబట్టి దానికి ఈ చిక్కులు లేవు. మీరు డౌన్‌లోడ్ చేసిన రోజున ఆ పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి; తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు.

మీకు వచ్చిన క్లెయిమ్‌కు ఇంకో కారణం కూడా ఉండవచ్చు. ఒకే లూప్‌ను, అంటే పదేపదే తిప్పి వాడుకునే చిన్న సంగీత ముక్కను, కొనుక్కుని ఎందరో పాటలు చేస్తారు. వారిలో ఒకరు తమ పాటను, వీడియోల్లోని సంగీతాన్ని పోల్చి పట్టుకునే యూట్యూబ్ కంటెంట్ ఐడీ వ్యవస్థలో చేర్పిస్తే, అదే లూప్ ఉన్న మిగతావారి సంగీతమంతా దానికి పట్టుబడుతుంది. మీ దగ్గర లైసెన్సు ఆధారం ఉంటే దాన్ని జతచేసి వివాదం నమోదు చేయండి. క్లెయిమ్ చేసినవారు 30 రోజుల్లోగా స్పందించకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. ఆధారం లేకపోతే వివాదానికి దిగకుండా ఆ సంగీతాన్ని మార్చి, సినిమాను మళ్లీ అప్‌లోడ్ చేయండి.